ఫోన్‌లో ‘సరే’ అన్నారు, నా దగ్గర రాసిన ముక్క లేదు: కేసు నోట్స్ ఎలా రాసుకోవాలి?

తెనాలి జూనియర్

అందరికీ నమస్కారం. నాలుగేళ్ళుగా సివిల్ వైపు ప్రాక్టీస్ చేస్తున్నాను. మొదటి రెండున్నరేళ్ళు సీనియర్ గారి ఆఫీసులో ఉన్నాను, ఏడాదిన్నరగా సొంతంగా చూసుకుంటున్నాను. పోయిన నెల జరిగిన ఒక విషయం నన్ను సరిగా నిద్ర పోనివ్వడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను. ఎక్కడ తప్పు చేశానో, ఇకమీదట ఏం చేయాలో పెద్దలు చెప్పండి.

ఒక పార్టిషన్ సూట్. నా క్లయింట్‌కి 71 ఏళ్ళు. తండ్రి పొలంలో తన వాటా కోసం అన్నదమ్ముల కొడుకుల మీద వేసిన దావా. మొత్తం 2 ఎకరాల 40 సెంట్లు. ఆవిడ అడిగేది మూడో వంతు, అంటే 80 సెంట్లు. చదువు రాదు, వేలిముద్రే. మోకాళ్ళ నొప్పుల వల్ల ప్రతి వాయిదాకీ రాలేరు. చిన్నకొడుకు వస్తాడు. ఫీజు ఇచ్చేదీ అతనే, ఫోన్లు చేసేదీ అతనే.

ఆ రోజు కాల్‌వర్క్‌లో (కేసులు వరసగా పిలిచే వేళలో) మా కేసు పిలవగానే అవతలి వకీలు గారు లేచి, డొంక పక్కన 55 సెంట్లు ఇస్తాం, మిగతాది వదులుకుంటే రాజీకి సిద్ధం అన్నారు. జడ్జి గారు నా వైపు చూశారు. పాస్‌ఓవర్ అడిగి (అంటే కేసు కాసేపాగి పిలవమని) వరండాలోకి వచ్చి చిన్నకొడుకుకి ఫోన్ చేశాను. ‘సరే అనేయండి మేడమ్, అమ్మకి నేను చెప్పుకుంటాను’ అన్నాడు. లోపలికి వెళ్ళి, మా పార్టీకి సమ్మతమే, రాజీ మెమో దాఖలు చేయడానికి టైమ్ ఇప్పించండి అన్నాను. డాకెట్‌లో, అంటే కోర్టు రోజువారీ నమోదులో, అలాగే రాశారు.

తరువాతి వాయిదాకి ఆవిడ ఆటో కట్టించుకుని వచ్చింది. మెమో చదివి వినిపించి వేలిముద్ర వేయమన్నాను. నా చెయ్యి పట్టుకుని, ‘నేనెప్పుడు ఒప్పుకున్నాను తల్లీ? డొంక పక్కన నీళ్ళెక్కవు. ఆ చెక్క నాకెందుకు?’ అంది. కొడుకు వైపు చూశాను. ‘ఆలోచిద్దాం అన్నాను గానీ ఒప్పుకోమని అనలేదు’ అన్నాడు.

ఇంటికొచ్చి డైరీ తీశాను. ఆ తేదీ పేజీలో ‘రాజీకి, 24’ అని మాత్రం ఉంది, అంటే రాజీకి వాయిదా 24న అని. ఎవరితో మాట్లాడాను, ఏమడిగాను, వాళ్ళేమన్నారు, ఏమీ లేదు. ఫోన్‌లో చూస్తే ఆ కాల్ 48 సెకన్లు. 80 సెంట్లలో 25 సెంట్లు వదులుకునే మాట 48 సెకన్లలో తేల్చేశాను.

రాజీ అంటే పార్టీలు సంతకం పెట్టిన కాగితం ఉండాలి కాబట్టి, ఆవిడ వేలిముద్ర వేయలేదు కాబట్టి, డిక్రీ దాకా పోలేదు. పార్టీని అడగకుండా చెప్పాను, నా పొరపాటు అని కోర్టులోనే చెప్పుకున్నాను. కేసు మళ్ళీ సాక్ష్యానికి వేశారు. వారం తిరిగేలోపు వాళ్ళు కట్ట (కేసు కాగితాల ఫైలు) అడిగారు. వాళ్ళు కొత్త వకీలుకి ఇచ్చిన వకాలత్ (అధికార పత్రం) మీద నో అబ్జెక్షన్ రాసిచ్చాను. బార్ కౌన్సిల్‌కి కంప్లైంట్ పెడతామని కొడుకు అన్నాడు. ఆ టెన్షన్ ఉంది. అయినా దానికంటే ఆవిడ నా చెయ్యి పట్టుకున్న తీరే ఎక్కువ గుర్తొస్తోంది.

మీరంతా నోట్స్ ఎలా రాస్తారు? ఏం రాయాలి, ఏం రాయకూడదు? తెలుగులోనా, ఇంగ్లీషులోనా? రోజుకి ఇరవై కేసులున్నప్పుడు టైమ్ ఎలా దొరుకుతుంది? వాయిదాల డైరీ తప్ప ఇంకోటి రాయడం మా సీనియర్ గారి ఆఫీసులో నేను చూడలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

గోదావరి గట్టు ప్లీడర్

అమ్మా, మీరు కోర్టులో లేచి ‘అడగకుండా చెప్పాను’ అని ఒప్పుకున్నారు. ముందు దానికి నా నమస్కారం. 38 ఏళ్ళ ప్రాక్టీస్‌లో ఆ మాట అన్నవాళ్ళని చాలా తక్కువమందిని చూశాను.

ఇక తప్పు సంగతి. నోట్స్ లేకపోవడం రెండో తప్పు. మొదటిది, మీ క్లయింట్ ఆవిడ అయితే మీరు మాట తీసుకున్నది కొడుకు దగ్గర. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూల్స్ ఆరో భాగం రెండో అధ్యాయంలో 19వ రూల్ చూడండి. క్లయింట్ గానీ, క్లయింట్ అధికారం ఇచ్చిన ఏజెంట్ గానీ చెప్తే తప్ప ఇంకెవరి మాట మీదా నడవకూడదు. ఫీజు ఇచ్చినంత మాత్రాన కొడుకు ఏజెంట్ కాడు. క్లయింట్ స్పష్టంగా చెప్పకుండా వకీలు హక్కులు వదులుకోకూడదని 2015లో హిమాలయన్ కోఆపరేటివ్ గ్రూప్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

ఇవన్నీ మీకు తెలియనివి కావు, పరీక్షకి చదివే ఉంటారు. వరండాలో, పాస్‌ఓవర్ హడావిడిలో గుర్తు రాలేదు, అంతే. నోట్స్ అక్కరకొచ్చేది సరిగ్గా అక్కడే. నా నోట్ షీట్‌లో ‘చెప్పింది ఎవరు’ అని ఒక గడి ఉంటుంది. అందులో ‘చిన్నకొడుకు’ అని రాయబోతుంటే కలం ఆగుతుంది. ఆగిందంటే, ‘అమ్మగారికి ఫోన్ ఇవ్వు బాబూ’ అంటాం. రేపు ఎవరికో చూపించడానికి రాసే కాగితమని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం అది రాస్తున్న ఆ నిమిషంలోనే ఎక్కువ పని చేసింది.

నా పద్ధతి చెప్తాను. ప్రతి కట్టలోనూ అన్నిటికంటే పైన, వకాలత్ కంటే కూడా పైన, ఒక లెడ్జర్ కాగితం కుట్టి ఉంటుంది. పార్టీ వచ్చినా, ఫోన్ చేసినా, కోర్టులో ఏదైనా జరిగినా అందులో పడాల్సిందే. ఎప్పుడు, ఎక్కడ, ఎవరెవరున్నారు, వాళ్ళేం చెప్పారు, నేనేం చెప్పాను, చివరికి ఏం అనుకున్నాం, ఎవరు ఏ తేదీలోపు ఏం చేయాలి. ఈ మధ్య ఒక కేసులో రాసింది పేర్లు తీసేసి ఇస్తున్నాను:

‘12వ తేదీ, సా. 6.20, ఆఫీసు. పార్టీ, పెద్దల్లుడు. అల్లుడిని పది నిమిషాలు బయట కూర్చోమన్నాను. రాజీ బేరం చెప్పాను: అవతలివాళ్ళు 3 లక్షలు, రెండు వాయిదాల్లో. ఒప్పుకుంటే మిగతా సొమ్ము మీద హక్కు పోతుందని చెప్పాను. ఒప్పుకోకపోతే ఇంకో రెండేళ్ళు పట్టొచ్చు, గెలుస్తామని హామీ ఇవ్వలేనని చెప్పాను. పార్టీ: “ఒకేసారి ఇస్తే తీసుకుంటాను. వాయిదాలంటే నమ్మను.” చదివి వినిపించాను. సంతకం చేశారు. 19లోపు అవతలి వకీలు గారికి చెప్పాలి, నేను.’

ఇంతే. నాలుగు నిమిషాల పని. పార్టీ మాటని పార్టీ భాషలోనే, కొటేషన్లలో రాస్తాను. ‘క్లయింట్ నాట్ విల్లింగ్’ అని రాస్తే ఆర్నెల్ల తర్వాత దేనికి విల్లింగ్ కాదో నాకే తెలియదు. ‘వాయిదాలంటే నమ్మను’ అని ఉంటే, అవతలివాళ్ళు రేపు ఒకేసారి ఇస్తామన్నప్పుడు ఆవిడని మళ్ళీ పిలవాలని ఆ మాటే చెప్తుంది. మీ పెద్దావిడ ‘నీళ్ళెక్కవు’ అన్న మాట మొదటి రోజు నోట్‌లో ఉండి ఉంటే, డొంక పక్క చెక్క అనగానే మీరే కోర్టులో కాదనేవారు.

నోట్స్ వకీలుని కాపాడతాయి, అది నిజమే. 1996లో మనీ సూట్‌లో డిక్రీ పడిన ఒకాయన అప్పీలు కోసం నా దగ్గరికి వచ్చాడు. కాపీకి పట్టిన రోజులు తీసేస్తే అప్పీలు గడువు ఇంకా 9 రోజులుంది. కోర్టు ఫీజు తెస్తానని వెళ్ళాడు, మళ్ళీ కనపడలేదు. అయిదు నెలల తర్వాత ఈపీలో (డిక్రీ అమలు పిటిషన్‌లో) జప్తు వచ్చింది. నేను కాగితాలు తీసుకుని అప్పీలు వేయలేదని బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు రాశాడు. నా పుస్తకంలో ఆ సాయంత్రం రాసిన అయిదు లైన్లున్నాయి: గడువు ఏ తేదీతో ముగుస్తుందో చెప్పాను, వకాలత్ ఇవ్వలేదు, ఫీజు తీసుకోలేదు, సర్టిఫైడ్ కాపీ ఆయనే పట్టుకెళ్ళాడు. మర్నాడు గడువు గుర్తు చేస్తూ కార్డు రాసి, పోస్టాఫీసులో సర్టిఫికేట్ ఆఫ్ పోస్టింగ్ (పోస్టు చేసినట్టు రుజువు) తీసుకున్నాను, అప్పట్లో ఆ సదుపాయం ఉండేది. ఫిర్యాదు కొట్టేశారు.

అయితే ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇది నాకు మరీ ముఖ్యం. ఒక ఇంజంక్షన్ కేసులో కోర్టు వేసిన అడ్వొకేట్ కమిషనర్ స్థలం చూసి రిపోర్టు ఇవ్వడానికి వస్తున్నారు. మా పార్టీ ఆ రోజు అక్కడ లేదు. పాత బావి, హద్దు రాళ్ళు చూపించేవాళ్ళు లేక రిపోర్టు మాకు వ్యతిరేకంగా వచ్చింది. ఆవిడ నా దగ్గరకొచ్చి, ‘మీరు చెప్పే ఉంటారు బాబుగారూ, నేనే మర్చిపోయుంటాను’ అని ఏడ్చింది. కట్ట తీసి చూశాను. కమిషనర్ నోటీసు నాకు అందినట్టు తేదీ వేసి ఉంది, ఆవిడకి చెప్పినట్టు లైను లేదు. రాయడం మర్చిపోయానా, చెప్పడమే మర్చిపోయానా? నా అలవాటు నాకు తెలుసు, చెప్పి ఉంటే రాసేవాణ్ణి. కాబట్టి చెప్పలేదు. ఆ మాటే ఆవిడకి చెప్పాను. రిపోర్టు మీద అభ్యంతరాలు వేసి, కమిషనర్‌ని మళ్ళీ పంపే వారెంట్ ఇప్పించమని పిటిషన్ పెట్టి, రెండోసారి కమిషనర్ ఫీజు నేనే కట్టాను. నోట్స్ లేకపోతే ఆవిడ తనదే తప్పనుకుంటూ వెళ్ళిపోయేది, నేనూ అలాగే నమ్మి ఊరుకునేవాణ్ణేమో.

ఇంకా రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి పేర్ల పుస్తకం. మనూళ్ళలో ఒకే పేరుతో నలుగురుంటారు కాబట్టి ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఎవరి మీద కేసు, ఇవన్నీ ఉండాలి. ఫీజు ఇవ్వకుండా అరగంట సలహా అడిగి వెళ్ళినవాళ్ళని కూడా అందులో రాయాలి. ఒక పక్షానికి సలహా ఇచ్చినా, ప్లీడింగ్స్ (దావా కాగితాలు) రాసినా, తర్వాత అవతలి పక్షానికి నిలబడకూడదని 33వ రూల్. 2009లో ఒక పెద్దమనిషి మంచి ఫీజుతో వచ్చాడు. పుస్తకం చూస్తే, ఆ సర్వే నంబరు మీదే మూడేళ్ళ కింద ఆయన వదినగారు నా దగ్గర సలహా తీసుకుని ఉన్నారు. నాకు ఆవిడ ముఖం కూడా గుర్తు లేదు. కేసు తీసుకోలేదు. ఎందుకో ఆయనకి చెప్పలేదు కూడా, ఆవిడ వచ్చిందన్నది సైతం బయటపెట్టకూడదు.

రెండోది లెక్కల పుస్తకం. 25 నుంచి 30 దాకా రూల్స్ అన్నీ దాని గురించే. ఎవరు ఎంత ఇచ్చారు, అది ఫీజా, ఖర్చులకా, ఏ తేదీన దేనికి ఖర్చయింది. ఖర్చులకిచ్చిన డబ్బు కేసు నడుస్తుండగా ఫీజులోకి మళ్ళించాలంటే పార్టీ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. అడిగితే లెక్క కాపీ ఇవ్వాలి. నేను చూసినంతలో వకీలు మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ డబ్బు దగ్గరే మొదలవుతాయి. ‘18 వేలు ఇచ్చాను, దేనికో తెలియదు’ అంటారు. మనమూ నోటితో చెప్పలేం.

కంప్లైంట్ గురించి భయపడకండి. వస్తే జరిగింది జరిగినట్టు రాసివ్వండి. వకీళ్ళ మీద కన్స్యూమర్ కమిషన్‌కి వెళ్ళడం కుదరదని 2024 మే 14న సుప్రీంకోర్టు తేల్చినా, అడ్వొకేట్స్ యాక్ట్ 35వ సెక్షన్ అలాగే ఉంది. మందలింపు నుంచి వకీళ్ళ రోల్‌లో పేరు తీసేయడం దాకా ఆ సెక్షన్ కిందే. అందుకే మన దగ్గర కాగితం ఉండాలి.

తెనాలి జూనియర్

సర్, రెండుసార్లు చదివాను. ‘కలం ఆగుతుంది’ అన్న చోట నేనూ ఆగిపోయాను. ఒక అనుమానం. ఇప్పుడు ఆ రోజు జరిగింది రాసి కట్టలో పెట్టవచ్చా? కట్ట ఇంకా కొత్త వకీలు గారికి అందలేదు, సోమవారం ఇస్తున్నాను.

గుమాస్తా, 31 ఏళ్ళ సర్వీసు

ప్లీడర్ గారు చెప్పినదానికి గుమాస్తాగా నాలుగు మాటలు కలుపుతాను. మా అయ్యగారి దగ్గర 1994లో చేరాను.

ఒరిజినల్ దస్తావేజుల పుస్తకం తప్పకుండా ఉండాలమ్మా. పార్టీ కాగితాలు తెచ్చి బల్ల మీద పెడతాడు, మనం కట్టలో పెట్టేస్తాం. పదేళ్ళ తర్వాత బ్యాంకు లోన్‌కి లింకు డాక్యుమెంట్ (ఆస్తి పాత దస్తావేజు) అడుగుతారు. ఇచ్చామంటాడు, ఇవ్వలేదంటాం. మా ఆఫీసులో ఒరిజినల్ చేతికి రాగానే దస్తావేజు నంబరు, సంవత్సరం, ఎన్ని పేజీలు, చిరుగులుంటే అది కూడా రాసి పార్టీ చేత సంతకం పెట్టిస్తాను. తిరిగి ఇచ్చేటప్పుడు పక్క గడిలో ఇంకో సంతకం. కోర్టులో సాక్ష్యంగా మార్క్ అయితే ఎగ్జిబిట్ నంబరు కూడా అక్కడే. ఒకసారి ఒక పార్టీ వచ్చి తన సేల్ డీడ్ మా దగ్గరే ఉందని పెద్ద గొడవ చేశాడు. పుస్తకం తీస్తే వాళ్ళ నాన్నగారి సంతకం ఉంది, ఆయన చనిపోవడానికి ఏడాది ముందు తీసుకెళ్ళారు. ఇంటికెళ్ళి వెతుక్కుంటే దేవుడి గూట్లో దొరికిందట. మర్నాడు వచ్చి చెప్పి వెళ్ళాడు.

కాపీ అప్లికేషన్ల పుస్తకం ఇంకోటి. నకలు వెనకాల స్టాంపు ఉంటుంది కదా: అప్లికేషన్ పెట్టిన తేదీ, ఛార్జీలు పిలిచిన తేదీ, కట్టిన తేదీ, కాపీ రెడీ అయిన తేదీ, ఇచ్చిన తేదీ. అప్పీలు గడువు లెక్క అంతా వాటి మీదే. నకలు వచ్చిన రోజే ఆ తేదీలన్నీ పుస్తకంలో ఎక్కించి, గడువు ముగిసే తేదీ ఎర్ర సిరాతో రాసి, అయ్యగారికి చూపించి పొట్టి సంతకం తీసుకుంటాను. చెక్ బౌన్స్ కేసులకైతే బ్యాంకు మెమో అందిన తేదీ నుంచి నోటీసుకి 30 రోజులు, నోటీసు అందాక 15 రోజులు, ఆ తర్వాత కంప్లైంట్‌కి నెల. మూడు తేదీలూ ముందే వేసేస్తాను. కోర్టు యాప్‌లో వాయిదా తేదీ కనిపిస్తుంది గానీ ఇవి కనిపించవు.

ఇంకొక్కటి. పార్టీ వకీలుకి చెప్పిన రహస్యం మా గుమాస్తాలకి కూడా రహస్యమే. ఇదివరకు ఎవిడెన్స్ యాక్ట్‌లో ఉండేది, 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 132వ సెక్షన్‌లో ఉంది. కట్ట జిరాక్స్ షాపుకి పంపేటప్పుడు పై నోట్ షీట్ తీసి పంపుతాను. డీటీపీ వాళ్ళకి డ్రాఫ్ట్ ఇచ్చినా అంతే. పార్టీ మాటలు ఇంకొకరి కౌంటర్ మీద పడి ఉండటం నాకు నచ్చదు.

ఖమ్మం టు న్యూజెర్సీ

ఇక్కడ విల్లులు, ట్రస్టులు రాస్తాను. నా క్లయింట్లలో సగం మంది మన తెలుగు అమ్మానాన్నలే. పిల్లలు కారులో దింపుతారు, ఫీజు కడతారు, పక్కనే కూర్చుని తర్జుమా చేస్తారు. అందుకే ఈ ప్రశ్న చూడగానే నా ఆఫీసే కళ్ళ ముందుకొచ్చింది.

ఇక్కడి రూల్ ప్రకారం ఫీజు వేరేవాళ్ళు కట్టవచ్చు. అయితే క్లయింట్ తెలిసి ఒప్పుకోవాలి, కట్టినవాళ్ళు నా పనిలో జోక్యం చేసుకోకూడదు, రహస్యం రహస్యంగానే ఉండాలి. రాజీ పడాలా వద్దా అన్నది క్లయింట్ నిర్ణయమే. నేను మొదటి అరగంట పిల్లల్ని బయట కూర్చోబెడతాను. అమ్మగారితో తెలుగులోనే మాట్లాడి, వాళ్ళన్న ముఖ్యమైన మాటలు తెలుగులోనే రాసుకుని, కింద ఇంగ్లీషులో అర్థం రాస్తాను. ఒకావిడ ‘ఇల్లు పెద్దోడికి’ అన్నారు. కొడుకు తర్జుమా చేస్తూ తనకి అన్నాడు. ఇద్దరు కొడుకులున్నారు. ఆవిడ పెద్దోడు అన్నది పెద్దమనవణ్ణి. నోట్‌లో ఆవిడ మాట ఉండబట్టి మళ్ళీ అడిగాను.

ఇక భద్రపరచడం. క్లయింట్ డబ్బు లెక్కల రికార్డులు అమెరికన్ బార్ అసోసియేషన్ మోడల్ రూల్ ప్రకారం పని ముగిశాక అయిదేళ్ళు ఉంచాలి, మా న్యూజెర్సీలో అయితే ఆ లెక్క జరిగిన నాటి నుంచి ఏడేళ్ళు.

కేసు వేసినవాళ్ళ అమ్మాయి

నేను వకీలుని కాదు, టీచర్‌ని. అయినా రాయాలనిపించింది. మా నాన్న లారీ యాక్సిడెంట్‌లో పోయినప్పుడు నేను ఏడో తరగతి. నష్టపరిహారం కోసం అమ్మ ఓపీ (పిటిషన్) వేసింది. అమ్మకి చదువు రాదు.

మా వకీలు గారు తన కట్టలో రాసుకోవడమే కాక, అమ్మ చేత ఒక నలభై పేజీల నోటుపుస్తకం తెప్పించారు. వెళ్ళిన ప్రతిసారీ అందులో రెండు మూడు లైన్లు రాసిచ్చేవారు. ఈ రోజు ఏం జరిగింది, వచ్చే వాయిదా ఎప్పుడు, ఏం తేవాలి, ఎంత ఇచ్చారు, దేనికి ఇచ్చారు. బస్సులో వస్తూ అమ్మకి చదివి వినిపించేదాన్ని. ‘ఇన్సూరెన్స్ వాళ్ళు సాక్షిని తేలేదు. వాయిదా 8వ తేదీ. మీరు రానక్కర్లేదు’ అని ఒకసారి రాశారు. ఆ ‘రానక్కర్లేదు’ వల్ల అమ్మకి ఒక రోజు కూలి మిగిలింది. నాకు అది ఇంకా గుర్తుంది.

డబ్బు డిపాజిట్ అయిన రోజు ఎంత వచ్చిందో, అమ్మ పేరున ఎంతో, మా ఇద్దరి పేరున ఎంతో, బ్యాంకు పేరుతో సహా రాశారు. ఊళ్ళో ఎవరెవరో వచ్చి వకీలు ఇంత తినేశాడంట అంటే అమ్మ ఆ పుస్తకం తీసి నా చేత చదివించేది. ఆ పుస్తకం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

గోదావరి గట్టు ప్లీడర్

టీచరమ్మ గారూ, ఆ వకీలు గారు ఎవరో గానీ ఆయనకి నా వందనం. పార్టీ చేతిలో ఇంకో పుస్తకం ఉండాలన్నది నాకు ఇన్నేళ్ళలో తట్టలేదు. రేపటి నుంచి చదువు రాని పార్టీలందరికీ ఇస్తాను.

జూనియర్ అమ్మా, మీ అనుమానానికి. రాయండి, తప్పకుండా రాయండి. కానీ పైన వేసే తేదీ ఇవాళ్టిది ఉండాలి. ‘ఫలానా తేదీన జరిగినది గుర్తు చేసుకుని ఈ రోజు రాస్తున్నాను’ అనే మొదలుపెట్టండి. గుర్తున్నది గుర్తున్నట్టు, గుర్తు లేనిది గుర్తు లేదని. పాత డైరీ పేజీలో ‘రాజీకి, 24’ పక్కన ఒక్క అక్షరం కూడా ఇప్పుడు చేర్చకండి. ఆ రోజే రాసినట్టు చేర్చిన మాట ఎంత నిజమైనా, దానితో మీ పుస్తకంలో ఉన్న మిగతా నిజాలన్నీ నమ్మకం కోల్పోతాయి. తప్పు పడితే నేను ఒక్క గీత కొట్టి, పక్కన తేదీ వేసి సరిచేస్తాను. వైట్‌నర్ మా ఆఫీసులోకే రానివ్వను.

ఆ కాగితం ఒక కాపీ కట్టలో పెట్టి ఇవ్వండి. ఆవిడకి నీళ్ళెక్కే భాగమే కావాలన్నది కొత్త వకీలు గారికి తెలియాలి. ఫీజు బాకీ ఉందని కట్ట ఆపకూడదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, మీరు ఆపలేదు, మంచిది. ఏమేం ఇచ్చారో జాబితా రాసి రసీదు తీసుకోండి. లెక్క కూడా రాసివ్వండి. ఖర్చు కాని డబ్బు మిగిలితే అదీ ఇచ్చేయండి.

ఏం రాయకూడదు అని అడిగారు, అది మర్చిపోయాను. పార్టీ గురించి మన అభిప్రాయాలు రాయకూడదు. ‘అబద్ధం చెప్తున్నాడు’ అని రాయను. ‘మొదట 2011 అన్నాడు, తర్వాత 2013 అన్నాడు, కాగితం తెమ్మన్నాను’ అని రాస్తాను. దానితో నేను చేయాల్సిన పని కూడా తెలుస్తుంది. టైమ్ సంగతి: వరండాలో రాయడం కుదరకపోతే ఫోన్‌లో రెండు ముక్కలు కొట్టుకుని, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేలోపు షీట్‌లో ఎక్కించండి. మర్నాటికి వదిలేస్తే మాటలు మారిపోతాయి. ఫోన్‌కి తాళం ఉండాలి. జూనియర్లందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో పార్టీ సంగతులు పెట్టకండి.

సివిల్ నోట్స్ నేను డిక్రీ తర్వాత పన్నెండేళ్ళు ఉంచుతాను, ఈపీకి గడువు అంత కాబట్టి. గదిలో చోటు చాలక మా ఇంట్లో వాళ్ళతో మాట పడుతుంటాను, అయినా పారేయను.

తెనాలి జూనియర్

సోమవారం కట్ట ఇచ్చేశాను. 14 కాగితాల జాబితా, రసీదు, లెక్క. 2,350 రూపాయలు మిగిలింది, అదీ ఇచ్చాను. రాసిన రోజు తేదీతోనే నోట్ రాసి పైన పెట్టాను. కొత్త వకీలు గారు అక్కడే నిలబడి చదివారు. ‘నీళ్ళ సంగతి నాకెవరూ చెప్పలేదమ్మా’ అన్నారు.

నిన్న ఇంకో కేసులో మొదటి షీట్ మొదలుపెట్టాను. ఇంజంక్షన్ కేసు, పార్టీ తరఫున మరిది ఫోన్ చేసి వాయిదా అడగమన్నాడు. ‘చెప్పింది ఎవరు’ అన్న గడి దగ్గరకొచ్చి ఆగాను. ఫోన్ ఆవిడకి ఇమ్మన్నాను. పొలంలో ఉందన్నాడు. సాయంత్రం ఏడింటికి మళ్ళీ చేస్తే ఆవిడే ఎత్తింది. వాయిదా వద్దంది, ఆ రోజు సాక్షిని తీసుకొస్తానంది. తొమ్మిది నిమిషాలు మాట్లాడాం. ఆవిడ మాటలే రాసుకున్నాను.